రన్నర్ గాసికి కొలిచి పోసిన పరుగు

1927 జనవరి. అరకు లోయ అంచున, ఘాటు రోడ్డు ఎక్కుడు ముగిసి నేల సమంగా మారే చోట, మా మిషన్ డిస్పెన్సరీ ఉండేది. రెండు గదులు, ఒక వరండా, చుట్టూ రాతిగోడ. అందులో నేను కంపౌండర్ని. డాక్టరు రాసిచ్చిన మందులు తూచి, నూరి, నీళ్ళలో కలిపి సీసాల్లో పోసి ఇవ్వడం నా పని. భీమిలి నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్ళయినా ఆ కాంపౌండు దాటి నేను నడిచింది బహు తక్కువ. అందుకే నన్ను కంపౌండర్ అన్నారేమో అనుకునేవాణ్ణి. డుంబ్రిగుడ సంతకు పోవాలన్నా ఎవరి గుర్రమైనా ఖాళీగా ఉందేమోనని వాకబు చేసే శరీరం నాది. అలాంటి నేను ఒక మనిషిని పరుగుకు తయారు చేశానంటే చదివేవాళ్ళకు నవ్వొస్తుంది. నవ్వండి. అప్పుడు అందరూ నవ్వారు, నాకు అలవాటే.

ఆ రోజుల్లో కొండ మీదికి టపా మనిషి కాళ్ళ మీదే వచ్చేది. ఘాటు అడుగున ఒక టపా గుడిసె, పైన మా డిస్పెన్సరీ పక్కన ఇంకొకటి. మధ్య అయిదు మైళ్ళ ఎక్కుడు. అంత దూరాన్ని ఒక స్టేజి అనేవారు. టపా సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం చేతపట్టుకుని, గంటన్నరలో ఆ స్టేజి ఎక్కవలసిన మనిషిని రన్నర్ అనేవారు. గజ్జెల చప్పుడు ఎలుగులను తప్పుకోమనడానికి, పైనున్న వాళ్ళకు వస్తున్నానని చెప్పడానికి. మా స్టేజి రన్నర్ గాసి. ముప్పై లోపు వయసు. పుస్తకాల తెలుగులో గాసి అంటే శ్రమ. ఆ పేరు పెట్టిన వాళ్ళకు పుస్తకాల తెలుగు తెలియదు, పేరు పెట్టించుకున్న వాడికి శ్రమ తెలియదు. ఎక్కి వచ్చి, సంచి దించి, నా వరండా మీద కూర్చుని పొగచుట్ట ముట్టించేవాడు. అది చూసి నాకు ఆయాసం వచ్చేది.

అలాంటి మనిషిని అంతకు ముందు కార్తీకంలో డోలీ కట్టి మోసుకొచ్చారు. చలిజ్వరం. కడుపు తడిమితే ఎడమ పక్క బల్ల గట్టిగా చేతికి తగిలింది. జ్వరం ముదిరితే లోపల పెరిగే గడ్డను మావైపు బల్ల అంటారు. మా దొరసాని డాక్టరు క్వినైన్ మిక్స్చర్ రాసి, "విశ్రాంతి" అని ఒక్కమాట చెప్పి, ఊళ్ళ మీద తిరిగి వైద్యం చేయడానికి వెళ్ళిపోయారు. అలా వెళితే ఆమె నెలకు గానీ తిరిగి రారు.

విశ్రాంతి ఇవ్వడంలో నాకున్న అనుభవం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. నాకు నేను ఎన్నేళ్ళుగానో ఇచ్చుకుంటున్నదే. కడుపులో బల్ల ఉన్నవాణ్ణి తీసుకుపోయి వరండాలో బల్ల మీద పడుకోబెట్టాను. లేవనివ్వలేదు. జ్వరం పది రోజుల్లో తగ్గినా లేవనివ్వలేదు. సగ్గుబియ్యం జావ తాగించి, తాగించి, సగం మనిషిని చేశాను. నెలన్నర గడిచాక, ఇక నడువు అన్నాను. గాసి లేచి గేటు దాకా నడిచాడు, గేటు పట్టుకున్నాడు, అక్కడే కూలబడ్డాడు. పిక్కలు చూస్తే చెరుకు పిప్పిలా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే టపా ఓవర్సీర్ అప్పల్నాయుడు గారు గుర్రం దిగారు. ఆ లైన్లో రన్నర్లందరి మీదా ఆయనే పెద్ద. శృంగవరపుకోట వైపు మనిషి. మాట గట్టి, మనసు అంత గట్టిది కాదు.

"ఏటయ్యా కంపౌండరూ, మా రన్నర్ని ఇలాగ మేపీసినావు? సంతకి తోలతావేటి?"

"ఇంకో వారంలో కోలుకుంటాడండీ."

"వారం నేదు, వర్జ్యం నేదు. బదిలీవోడితో ఎన్నాళ్ళు నెట్టీది? పైనుంచి కాయితం వొచ్చింది. సైత్రం ఎల్లగానే ఇన్‌స్పెక్టరు బాబు వొత్తారు. ఆయన గడియారం ముందల గంటన్నర్లో గాసి ఘాటు ఎక్కీసినాడా, రన్నరు. ఎక్కనేదా, పేరు కొట్టీసి వేరేవోణ్ణి రాసీమన్నారు. నాను సేసీది ఏటీ నేదు."

ఆయన వెళ్ళాక గాసి గేటు దగ్గరే కూర్చుని పిక్కలు తడుముకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బల్లెం ఇచ్చీసి నన్నేటి సెయ్యమంతావు బాబూ? మా పోడు కొండని ఫారెస్టోళ్ళు రిజర్వులో కలిపీసినారు. నాకు ఈ కాళ్ళే పొలం."

ఆ పొలాన్ని ఎండబెట్టింది నేను. రాత్రి ప్రార్థనలో గాసి పేరుతో పాటు నా పేరు కూడా, కొంచెం మెల్లగా, చెప్పుకున్నాను.

దొరసాని డాక్టరు తిరిగి వచ్చారు. ఆమె తెలుగు మిషన్ పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. గాసి పిక్కలు నొక్కి చూసి, "కంపౌండరు గారూ, మీరు ఈ మనుష్యుని బహు చక్కగా చెడగొట్టితిరి," అన్నారు.

నేను తల దించుకున్నాను.

"అయితే తప్పు నాది కూడ ఉన్నది. విశ్రాంతి అని చెప్పితిని. ఎంత అని చెప్పలేదు. మీరు క్వినైన్ ఎట్లు ఇచ్చెదరు?"

"కొలిచి అమ్మా. డోసుకూ డోసుకూ మధ్య వ్యవధి ఇచ్చి."

"తక్కువైన?"

"పని చేయదు."

"ఎక్కువైన?"

"చెవులు గుయ్యిమంటాయి. ఇంకా ఎక్కువైతే మనిషే పోతాడు."

"శ్రమ కూడ అటువంటిదే. కొలిచి ఇయ్యుడి. ప్రతి దినము ప్రాతఃకాలమున, అతడు మంచము దిగక మునుపు, పల్స్ చూడుడి. క్రిందటి దినముకంటె వేగముగా కొట్టుకొనుచున్నయెడల ఆ దినము డోసు లేదు." పల్స్ అంటే మణికట్టు దగ్గర నాడి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టడం. "మరియు, బల్ల తగ్గి ప్రక్కటెముకల చాటునకు పోవువరకు పరుగు లేదు, నడకయే."

పదిహేను రోజులు నడకే అయింది. బల్ల తగ్గింది. ఇక పరుగు మొదలుపెట్టాలి. కాని పరుగును కొలవడం ఎలా? మిక్స్చర్ సీసాకైతే మేము ఒక కాగితపు చీటీని మెట్లు మెట్లుగా కత్తిరించి నిలువుగా అంటిస్తాం. ఒక మెట్టు ఒక డోసు. చదువు రాని వాళ్ళు కూడా మెట్టు చూసుకుని తాగుతారు. ఆ ఆలోచన నుంచి నా జీవితంలో కల్లా గొప్ప పథకం పుట్టింది. ఘాటునే సీసా అనుకుందామన్నాను. పై నుంచి అడుగు దాకా ఏడు చెట్లకు సున్నంతో పట్టీలు వేస్తాను. మొదటి వారం మొదటి చెట్టు దాకా మెల్లగా దిగి, అక్కడి నుంచి సంచితో పైకి పరుగు. తర్వాతి వారం రెండో చెట్టు. అలా ఏడో వారానికి స్టేజి మొత్తం. ఒక డోసు వేసుకున్న మర్నాడు ఖాళీ. సంచిలో మొదట గడ్డి, తర్వాత ఒక కుంచం చోళ్ళు (రాగులే), తర్వాత రెండు కుంచాలు. మోతాదు తెలియని మోత మోయించకూడదని నా సిద్ధాంతం.

సున్నం వేయడానికి నేనే దిగాను. గుర్రం మీదే అనుకోండి. దారిలో అప్పల్నాయుడు గారు ఎదురయ్యారు.

"సెట్లకి బొట్లెడతన్నావేటయ్యా? పెళ్ళేటి?"

"గాసి కోసమండీ. ఒక్కొక్క చెట్టూ ఒక్కొక్క డోసు."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! నా సర్వీసంతా రన్నర్లని తోలినాను గానీ, పరుగుని సెంచాతో పోసినోణ్ణి నిన్నే సూసినాను."

మొదటి చెట్టు వారం బ్రహ్మాండంగా జరిగింది. గాసి ఎక్కి వచ్చేవాడు, నేను గడియారం పట్టుకుని నాడి చూసేవాణ్ణి, అంకె పుస్తకంలో రాసేవాణ్ణి. రెండో వారం మొదటి రోజున మాత్రం గాసి తెల్లవారుతూనే దిగి, సూర్యుడు నడినెత్తికి వచ్చినా ఎక్కి రాలేదు. చివరికి ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని తెచ్చారు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. సాయంత్రానికి జ్వరం మళ్ళీ వచ్చింది.

"ఏమయిందయ్యా? రెండో చెట్టు దాకానే కదా వెళ్ళమన్నాను?"

"సున్నం కనబడీదాకా దిగమన్నావు గదా బాబూ. కనబడనేదు. దిగినాను. ఇంకా కనబడనేదు. ఇంకా దిగినాను. కట్టకడాకి అడుగునున్న సెట్టుకి కనబడింది. ఆడికాడి నుంచి పరిగెట్టినాను." కాసేపు దమ్ము తీసుకున్నాడు. "ఇయ్యాల డోసు పెద్దది బాబూ."

ఆరు చెట్ల మీది సున్నం ఏమైంది? ఆ ప్రశ్నకు జవాబు మర్నాడు పొద్దున్న డిస్పెన్సరీ మెట్ల మీద నిలబడి ఉంది. గాసి భార్య బుద్రి. కన్నవారింటికి పోయి నెల్లాళ్ళ తర్వాత, గాసి దిగిన రోజుకు ముందు సాయంత్రమే ఘాటెక్కి వచ్చింది. చేతిలో కొడవలి.

"నానే గీకీసినాను," అంది.

"ఎందుకమ్మా?"

"ఎందుకేటి? మా అమ్మోళ్ళ కొండకి కూడా ముందల ఇలాగే సున్నం ఏసినారు. పదిరోజులకి ఫారెస్టు గార్డు వొచ్చి, ఇది రిజర్వయిపోనాది, ఆకు ముట్టుకోకండన్నాడు. మళ్ళీ ఇక్కడ సూసినాను. ఎక్కుతా ఎక్కుతా అన్నీ గీకీసినాను. అడుగున సెట్టుకి అటేపు ఏసినావు గావాల, నా కంటికి ఆపడనేదు."

ఆమె చేసింది తప్పనడానికి లేదు. ఆరేళ్ళు ఆ కొండ మీద ఉండి, చెట్టు మీద సున్నం చూస్తే అక్కడి మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో తెలుసుకోని వాణ్ణి, వాళ్ళ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతున్నాను.

విషయమంతా చెప్పాను. ఆమె విని, లోపల మూలుగుతున్న మొగుణ్ణి ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "మనిసికి గురుతు కావాలంటే సెట్టుకెందుకేత్తావు బాబూ? మనిసినే పెట్టు. నానెల్లి కూకుంతాను. నా కాడి దాకా దిగి, నా కాడి నుంచి ఎక్కుతాడు."

అలా నా ఏడు సున్నపు చెట్ల స్థానంలో బుద్రి వచ్చింది. జ్వరం తగ్గి, మళ్ళీ కొన్నాళ్ళు నడక అయ్యాక, ఆమె పొద్దున్నే ముందుగా దిగి ఆ రోజు చోటున కూర్చునేది. గాసి ఆమె దాకా దిగి, సంచి సర్దుకుని పైకి పరుగెత్తేవాడు. ఆమె విస్తళ్ళకు అడ్డాకులు కోసుకుంటూ వెనక నెమ్మదిగా వచ్చేది. అప్పల్నాయుడు గారు అదీ చూశారు. "పెళ్ళాన్ని సూసి పరిగెట్టీ మొగుళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు గానీ, రోజూ ఏళ పెట్టుకొని పరిగెట్టీవోణ్ణి ఇప్పుడే సూత్తన్నాను," అన్నారు.

ఈ గురుతుకు చెట్టుకు లేని గుణం ఒకటుంది: నేను చెప్పిన చోట కూర్చోకపోవడం. ఒక రోజు మూడో చెట్టన్నాను, రెండో చెట్టు దగ్గరే కూర్చుంది. ఇంకో రోజు అసలు దిగనే లేదు. నాకు కొంచెం కోపం వచ్చింది. కొలత నాది కదా.

"అదేంటి బుద్రీ, ఈ రోజు డోసు ఉంది కదా?"

"నేదు బాబూ. పొద్దున్న అంబలి తాగినప్పుడు ఉప్పు నేదని యాగీ సేసినాడు. ఉప్పుంది. రేతిరి నిద్దర సరిగ్గా పట్టనేదన్నమాట. అంబలి బాగుంది అన్న రోజునే ఆడు పరిగెట్టగలడు."

నేను పుస్తకం తీసి చూశాను. ఆమె ఆపిన రోజులన్నింటా గాసి పల్స్ ముందు రోజు కన్నా ఎక్కువగానే ఉంది. గడియారం లేకుండా, వేలు పెట్టకుండా, ఒక చిప్ప అంబలితో ఆమె తెలుసుకున్నది అదే. ఆ రోజు నుంచి పుస్తకంలో పల్స్ పక్కన ఇంకో గడి గీసి "అంబలి" అని రాశాను. దొరసాని డాక్టరు అది చూసి కారణం అడిగారు. చెప్పాక చాలాసేపు నవ్వి, ఆ గడి అలాగే ఉంచమన్నారు.

ఫాల్గుణం వెళ్ళేసరికి గాసి అయిదో చెట్టు చోటు దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. వారం, రెండు వారాలు. అడుగు నుంచి ఎక్కితే గంటన్నర దాటి ఇంకో పావుగంట పట్టే లెక్క. నేను సంచిలో చోళ్ళు ఇంకో అరకుంచం పెంచాను. వేగం ఇంకా తగ్గింది. ఇంతలో చైత్రం సగం దాటింది. ఇటుకల పండగ వచ్చింది.

ఆ పండగకు కొండ మీది మగవాళ్ళంతా వేటకు పోతారు. రోజుల తరబడి కొండలెక్కి దిగుతారు. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన వాళ్ళను ఆడవాళ్ళు దారికి అడ్డం నిలబడి పాటలు కట్టి ఏడిపిస్తారు, పేడనీళ్ళు చల్లుతారు. ఇన్‌స్పెక్టర్ రావడానికి పదిహేను రోజులే ఉంది. గాసి బల్లెం భుజాన వేసుకుని వచ్చి, "ఎల్లొస్తాను బాబూ," అన్నాడు.

"ఎక్కడికి వెళ్ళేది! మూడు రోజులు కొండల్లో పరిగెత్తితే ఇక ఘాటు ఏమెక్కుతావు? వద్దు."

"ఎల్లకపోతే ఊళ్ళో నా ముకం ఎలాగ సూపించాల?"

బుద్రి వైపు చూశాను, ఆమె ఆపుతుందని. "ఎల్లనీ బాబూ. పేడ నీ మీద సల్లరు గదా," అంది.

వెళ్ళాడు. మూడు రోజులు నేను తిన్నది ఒంటబట్టలేదు. నా విషయంలో అది చిన్న సంగతి కాదు. నాలుగో రోజు పొద్దెక్కాక దిగువ నుంచి కేకలు, డప్పులు. ఒక కణుజు దుప్పిని కర్రకు కట్టి మోసుకొస్తున్నారు, మోసేవాళ్ళలో ముందున్నది గాసి. పేడనీళ్ళ కుండలు అలాగే మిగిలిపోయాయి. గాసి మాత్రం ఇంటికి పోయి పడుకున్నవాడు లేవలేదు. పొద్దున్న పల్స్ చూస్తే ఎనభై దాటింది. మర్నాడూ అంతే. బుద్రి దిగి కూర్చోనని తేల్చి చెప్పింది.

"అంబలి సంగతి?" అని అడిగాను, ఆశగా.

"అంబలేటి, నన్నే తిడతన్నాడు."

నాలుగు రోజులు డోసు లేదు. తింటాడు, పడుకుంటాడు, ఎండలో కూర్చుని గజ్జెలు తోముకుంటాడు. అంతకు ముందు నెలన్నర పడుకోబెట్టి నేను చేసిన పాపం మళ్ళీ కళ్ళ ముందు జరుగుతున్నట్టే ఉంది. గడిలో రాయడానికి ఏమీ లేక సున్నాలు పెట్టాను. అయిదో రోజు తెల్లవారకుండా బుద్రి తలుపు కొట్టింది.

"అంబలి బాగుందన్నాడు బాబూ. ఇంకో సిప్ప పొయ్యమన్నాడు."

నాడి చూశాను. అరవై నాలుగు. జబ్బు పడ్డాక అంత నెమ్మదిగా ఏ రోజూ లేదు. బుద్రి ఆ రోజు నన్ను అడగకుండానే ఆరో చెట్టు చోటుకు దిగి కూర్చుంది. గాసి ఎక్కి వచ్చినప్పుడు గడియారం చూసి, అది నిలిచిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆరో చెట్టు నుంచి వచ్చిన మనిషి, పదిహేను రోజుల కిందట అయిదో చెట్టు నుంచి పట్టిన దానికన్నా తక్కువ వేళలో వచ్చాడు.

అప్పుడు గాని నా తలకెక్కలేదు. నేను వారాల తరబడి రోజు విడిచి రోజు అదే డోసు పోస్తూ, మనిషికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. ఆగిపోతే సంచి బరువు పెంచాను. వేట అతనికి ఒక్కసారిగా గట్టి డోసు ఇచ్చింది. తర్వాతి నాలుగు రోజుల్లో ఒళ్ళు ఆ డోసును అరిగించుకుని, ఇంకో మెట్టు పైకి కట్టుకుంది. గట్టిపడేది పరుగులో కాదు, పరుగెత్తి పడుకున్నప్పుడు. పరుగే లేకుండా ఉత్తినే పడుకుంటే మాత్రం గట్టిపడడానికి ఏమీ ఉండదు. ఆ రెండో సగం సంగతి నా ఒళ్ళే చెబుతుంది.

మిగిలిన రోజుల్లో ఒక్కసారే అడుగు నుంచి ఎక్కించి, ఆ తర్వాత రెండు రోజులు గజ్జెలు తోముకోమన్నాం.

ఇన్‌స్పెక్టర్ గారు గొడుగు పట్టించుకుని వచ్చారు. పలుచని మనిషి, మాట తక్కువ. తమతో తెచ్చుకున్న గడియారం పైగుడిసె ముందున్న బల్ల మీద పెట్టుకున్నారు. రెండో గడియారంతో అప్పల్నాయుడు గారి మనిషి అడుగునున్నాడు. ఏడు గంటలకు గాసి అసలైన టపా సంచితో బయలుదేరాలని ఒప్పందం. మేమంతా పైన. బుద్రి టపా గుడిసె గుమ్మం పక్కన అడ్డాకులు కుట్టుకుంటోంది. నేను దిగి ఎక్కగలిగే వాణ్ణి కాదు కనుక ప్రార్థన చేసుకుంటున్నాను.

గంట దాటాక దూరంగా, కొండ మడతల్లోంచి, గజ్జెలు వినబడ్డాయి. సన్నగా, ఒకే వరసలో. నా గుండె వాటితో కలిసి పరుగెత్తింది. జీలుగుచెట్ల మలుపు దగ్గరకు వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

అక్కడ ఎక్కుడు నిట్టనిలువు. నిమిషం గడిచింది. రెండు. అయిదు. ఇన్‌స్పెక్టర్ గారు తల ఎత్తి, "ఏమయ్యా ఓవర్సీర్, ఆగిపోయినట్టున్నాడే?" అన్నారు.

అప్పల్నాయుడు గారి ముఖం వాడిపోయింది. "ఆగిపోనాడు బాబూ," అన్నారు, పెదవి కదిపీ కదపకుండా. ఆయన కూడా గాసి గెలవాలనే కోరుకుంటున్నారని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"ఆగనేదు," అంది బుద్రి, కుట్టుమీంచి కళ్ళెత్తకుండా. "నడుత్తన్నాడు."

"నీకెలాగ తెలుసే?" అన్నారు ఓవర్సీర్ గారు.

"ఆ మలుపు పరిగెట్టి ఎక్కితే పైకొచ్చీసరికి ఏటీ మిగల్దు. బల్లెం సంకలో పెట్టుకొని నడిసి ఎక్కమన్నాను. మలుపు దాటినాక పరిగెట్టమన్నాను."

ఆ సంగతి నాకు చెప్పలేదు. నా పుస్తకంలో అలాంటి గడి కూడా లేదు.

ఇన్‌స్పెక్టర్ గారు గడియారం మీద చూపు నిలిపారు. నేను చూడలేక నా బూట్లు చూసుకున్నాను. అప్పుడు, మేమనుకున్న దానికన్నా బాగా దగ్గరలో, గజ్జెలు ఒక్కసారిగా మోగాయి. చిందులు తొక్కుతున్నట్టు మోగాయి. ఊళ్ళో పిల్లలు అరిచారు. ఆఖరి వంపు తిరిగి గాసి కనబడ్డాడు. నిటారుగా, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ, సంచి వీపున అతికించినట్టు. వచ్చి, సంచి దించి, ఇన్‌స్పెక్టర్ గారి ముందు పెట్టి, బల్లెం నేలకు గుచ్చి దండం పెట్టాడు.

గంటన్నరకు ఇంకా పదకొండు నిమిషాలు మిగిలి ఉన్నాయి.

నేను పరుగెత్తి (అవును, నేనే, ఆరడుగులు) మణికట్టు పట్టుకున్నాను. నాడి ఉరుకుతోంది. చూస్తుండగానే నెమ్మదించింది. ఇన్‌స్పెక్టర్ గారు అడుగు నుంచి సంచితో వచ్చిన వేళ చీటీని తమ గడియారంతో సరిచూసుకుని, మొదటిసారి నవ్వారు. "బాగుంది. జ్వరం పడి లేచిన మనిషివేనా? మళ్ళీ దిగి ఇంకోసారి ఎక్కగలవా?"

"ఎక్కుతాను బాబూ," అన్నాడు గాసి. "గానీ రేపు కాదు, ఎల్లుండి. ఇయ్యాల డోసు అయిపోనాది."

అప్పల్నాయుడు గారు నవ్వు ఆపుకోలేక గుర్రం చాటుకు పోయారు. ఇన్‌స్పెక్టర్ గారు కాగితం తీసి, ఏదో రాసి సంతకం పెట్టారు. ఓవర్సీర్ గారు దాన్ని బిగ్గరగా చదివారు: రన్నర్ పనికి తగినవాడు. బుద్రి కుడుతున్న విస్తరి పక్కన పెట్టి, లేచి, లోపలికి పోయి పెద్ద చిప్పతో అంబలి తెచ్చింది. గాసి ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఎలాగుంది?" అని అడిగింది.

"ఉప్పు నేదు," అన్నాడు. ఊరంతా నవ్వింది.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు వరస కట్టి, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని థింసా ఆడారు. నన్ను కూడా లాగారు. ఒక్క చుట్టు తిరిగాను. నా మోతాదు అంతే.

తర్వాత దొరసాని డాక్టరు కేసు పుస్తకం తెప్పించుకున్నారు. ప్రతి రోగికీ జబ్బు, మందు, ఫలితం రాసే పుస్తకం అది. గాసి పేరు ఎదుట జబ్బు రాశాను, ఫలితం రాశాను. మందు అన్న చోట క్వినైన్ రాసి, దాని కింద "శ్రమ, విశ్రాంతి, రెండూ కొలిచి" అని చేర్చాను. ఆమె చదివి, నా చేతిలో కలం తీసుకుని, తన గుండ్రని అక్షరాలతో ఒక్క ముక్క జతచేశారు: "భార్య చేత కొలిపించి."

ఆమె రాసింది నిజం. బరువు మనిషిని కూల్చదని, బరువు దించుకునే వేళ లేకపోవడమే కూలుస్తుందని నేను గాసి దగ్గర నేర్చుకున్నాను. ఆ వేళ ఎప్పుడు వచ్చిందో పరుగెత్తే మనిషికి తెలియదు. వాడికి ఉత్సాహం. కొలిచే కంపౌండర్‌కీ తెలియదు. వాడికి పుస్తకం. పక్కన ఉండి కనిపెట్టే మనిషికి తెలుస్తుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ కొండ మీద మందులు కలిపాను. జ్వరం తగ్గిన ఏ మనిషినీ "పడుకో" అన్న ఒక్క మాటతో పంపలేదు. రోజుకు ఎంత నడవాలో రోగికి చెప్పేవాణ్ణి. ఎప్పుడు ఆగాలో మాత్రం వాళ్ళింట్లో అంబలి పోసే మనిషిని పిలిచి చెప్పేవాణ్ణి.